కొట్టిన కొద్దీ ఉబ్బుతున్న మడ్‌గార్డు: 1969 ఫియట్ 1100 మీద టింకరింగ్ నేర్చుకుంటున్నవాడి ప్రశ్న

ఉప్పుటేరు ఫియట్ (కాకినాడ):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వాడిన 1969 నాటి ఫియట్ 1100 డిలైట్ పదకొండేళ్లుగా మా పెరటి షెడ్డులో కదలకుండా ఉంది. దాని 1089 సీసీ ఇంజనును తెలిసిన మెకానిక్ ఒకాయన విప్పి బాగుచేసి పెట్టారు గాని, బాడీ పనిని మాత్రం ఎంత ఆలస్యమైనా నా చేత్తోనే నేర్చుకుని చేయాలని నిర్ణయించుకున్నాను. ఈ పంతానికి కారణం ఉంది. ఇదివరకు ఇదే కారును ఒక షాపుకు ఇస్తే, కుడి తలుపు కింద చిల్లులు పడినచోట గోనెపట్టా ముక్క కుక్కి, పైన పుట్టీ మెత్తి, రంగు వేసి పంపించారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ పుట్టీ పెంకులా ఊడి నా చేతిలోకి వచ్చింది.

గత నెలలో ముందువైపు ఎడమ మడ్‌గార్డు మీద అరచేయి వెడల్పున్న సొట్టతో పని మొదలుపెట్టాను. చక్రం విప్పి, కింద ఉన్న తారుపూతను గీకి, డాలీ (రేకు వెనక చేత్తో ఆనించి పట్టుకునే ఇనుప దిమ్మ) ఆనించి పైనుంచి సుత్తితో కొడితే మొదటి గంటలోనే సొట్ట చాలావరకు లేచింది. మిగిలిన చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు కూడా పోవాలని మరో రెండు సాయంకాలాలు కొట్టాను. ఇప్పుడు అక్కడి రేకు కొబ్బరి చిప్పలా ఉబ్బి, బొటనవేలితో నొక్కితే ‘టక్’ మని లోపలికి పోతోంది, వదలగానే మళ్లీ ‘టక్’ మని పైకి వస్తోంది. ఆ భాగం కోసి పారేసి కొత్త రేకు అతకడమే మార్గమని ఇక్కడి టింకర్ ఒకాయన అంటున్నారు. అది నిజమేనా? తలుపు కింద పొడవునా ఉండే బోలు పెట్టెకు (సిల్లుకు), దాని మీది అంచుకు కూడా ఎలాగూ అతుకులు వేయాలి కాబట్టి గ్యాస్ వెల్డింగ్ నేర్చుకోవాలో, సీఓ2 మిషను (కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో తీగ కరిగించి అతికే కరెంటు వెల్డింగు) కొనుక్కోవాలో కూడా చెప్పగలరు.

ఆటోనగర్ సుత్తి (విజయవాడ):

మీ రేకు చెడిపోలేదండీ, పెరిగింది. కోయవలసిన అవసరం లేదు. మీరు చేసిన పొరపాటు ఈ పని నేర్చుకున్న ప్రతివాడూ చేసినదే. మా నాన్నగారి దగ్గర నేను మొదటి ఆరు నెలల్లో ఇలాంటివి ఎన్ని ఉబ్బించానో లెక్కలేదు.

సుత్తికీ డాలీకీ మధ్య నేరుగా చిక్కుకున్న రేకు ప్రతి దెబ్బకూ కొంచెం పలచబడుతుంది, పలచబడిన మేరకు విస్తీర్ణం పెరుగుతుంది. చపాతీ ముద్దను అప్పడాల కర్రతో వత్తడం లాంటిదే ఇది, కాకపోతే చపాతీకి చుట్టూ పెరగడానికి చోటు ఉంటుంది, మడ్‌గార్డు మధ్యలో ఉన్న రేకుకు ఆ చోటు లేదు. చుట్టూ ఉన్న గట్టి రేకు కదలనివ్వదు కాబట్టి అది పైకి ఉబ్బుతుంది, నొక్కితే కిందికి ఉబ్బుతుంది. మీకు వినిపించే ‘టక్’ ఆ అటూఇటూ మారే చప్పుడే.

సొట్ట తీసేటప్పుడు ఎక్కువ భాగం డాలీని తప్పించి కొట్టాలి. అంటే డాలీని పల్లం కింద గట్టిగా ఆనించి పట్టుకుని, సుత్తిని పల్లం మీద కాకుండా దాని పక్కన లేచి ఉన్న గట్టు మీద వేయాలి. గట్టు దిగుతుంది, డాలీ ఒత్తిడికి పల్లం లేస్తుంది, రేకు మాత్రం పెరగదు. డాలీ మీద నేరుగా కొట్టే దెబ్బ చివర్లో, సన్నని నునుపు కోసమే, అదీ మణికట్టు కదలికతో తేలికగా. ఏ దెబ్బ ఎక్కడ పడుతోందో చెవి చెప్పేస్తుంది: డాలీకి నేరుగా తగిలితే ‘ఠంగు’ మని మోగుతుంది, తప్పిస్తే మందంగా ‘టప్పు’ మంటుంది.

పెరిగిన రేకును కుదించడానికి గ్యాస్ మంట కావాలి. ముందు పెట్రోలు ట్యాంకును బండిలోంచి తీసి దూరంగా పెట్టండి, మడ్‌గార్డు కింద తారు మిగిలితే పూర్తిగా గీకండి, తడి గోనె, నీళ్ల బకెట్టు చేతికందే దూరంలో ఉంచుకోండి, నల్ల కళ్లద్దాలు లేకుండా మంట ముట్టించకండి. చిన్న నాజిల్‌తో, ఆక్సిజన్‌గాని ఎసిటిలిన్‌గాని ఎక్కువ కాని సమమైన మంటతో, ఉబ్బులో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోట రూపాయి బిళ్ల కంటే చిన్న చుక్కను మాత్రమే ఎర్రగా కాల్చాలి. ఆ చుక్క వ్యాకోచించబోతే చుట్టూ ఉన్న చల్లని రేకు అడ్డుపడుతుంది కాబట్టి బొబ్బలా లేస్తుంది. వెంటనే మంట పక్కకు తీసి, కింద డాలీని తేలికగా ఆనించి, ముందు చుక్క చుట్టూ, తర్వాత చుక్క మీద నాలుగైదు దెబ్బలు వేయండి. ఎరుపు పూర్తిగా పోయి నల్లబడ్డాక తడిగుడ్డ అద్దండి. చల్లబడుతూ అది చుట్టుపక్కల రేకును తనవైపు లాక్కుంటుంది.

ఇక్కడే తొందర పనికిరాదు. వేడిగా ఉన్న రేకు ఎప్పుడూ అబద్ధం చెబుతుంది, కాబట్టి మడ్‌గార్డంతా చల్లబడేవరకు ఇంకా ఉబ్బు ఉందో లేదో తేల్చకూడదు. ఒక చుక్క, ఒక టీ, తర్వాతే రెండో చుక్క. ఎక్కువ కుదించేస్తే చుట్టూ ముడతలు లాగుతాయి. అప్పుడు మీకు బాగా అలవాటైన డాలీ మీది దెబ్బతోనే కొద్దిగా సాగదీసి సరిచేసుకోవచ్చు.

బోనెట్టు తెరిచి చూడు (హైదరాబాద్):

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ సిల్లు, వెల్డింగుల గురించి మాత్రం రాస్తాను. నేను టింకర్‌ను కాను. ఒక అంబాసిడర్, ఒక ప్రీమియర్ పద్మినీ ఇంటి దగ్గరే చేసుకున్న అనుభవంతో చెబుతున్నాను.

జీపుకు ఉన్నట్లు ఫియట్‌కు వేరే ఛాసిస్ లేదు. బరువంతా మోసేది బాడీయే, అందులోనూ తలుపుల కింద పొడవునా పోయే ఆ బోలు పెట్టె, అంటే సిల్లు, నడుములాంటిది. తుప్పు పట్టిందని దాన్ని ఒకేసారి కోసేస్తే బండి మధ్యలో కుంగి, ఆ తర్వాత తలుపులు ఏం చేసినా పడవు. మొదట తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనుప గొట్టాలు అతికి, బండిని నాలుగు స్టాండ్ల మీద సమానంగా నిలబెట్టి, మూలనుంచి మూలకు కొలతలు రాసుకుని, ఒక్కో పక్క కొంచెం కొంచెంగా కోస్తూ, ప్రతి అతుకు వేసేముందూ తలుపు తగిలించి సందులు చూసుకోవాలి. విసుగు పుట్టించే పనే, కాని నా మొదటి బండికి ఇది చేయకపోవడం వల్ల వెనక తలుపు ఇప్పటికీ పైన రాసుకుంటోంది.

వెల్డింగు విషయంలో సిల్లుకు సీఓ2, పైకి కనబడే రేకుకు గ్యాస్ అన్నది నా అభిప్రాయం. సీఓ2 వేడిని తక్కువ చోట ఉంచుతుంది గాని దాని గీత గట్టిపడి సుత్తికి లొంగదు, కొడితే గీత పక్కన పగులుతుంది. గ్యాస్ గీత రేకులాగే మెత్తగా ఉంటుంది కాబట్టి వేడిమీద ఉండగానే డాలీ పెట్టి సాపు చేయవచ్చు. కాకపోతే ఎక్కువ మేర వేడెక్కి వంకరపోతుంది, అందుకే అంగుళానికొక చుక్క అతికి, చుక్కకూ చుక్కకూ మధ్య దూరదూరంగా నింపుకుంటూ పోవాలి. అతుకు ముక్క మూలలు చతురస్రంగా కాకుండా గుండ్రంగా కోసుకుంటే వేడి ఒకచోట పోగుపడదు. మామూలు ఆర్క్ వెల్డింగు జోలికి వెళ్లకండి, ఆ రేకుకు చిల్లే పడుతుంది.

ఇవన్నీ బండి మీద కాదు, ముందు పాత సరుకు కొట్టులో దొరికే 20 గేజి రేకు ముక్కల మీద చేయండి. ఆ గేజి రేకు 0.9 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అడుగు చదరపు ముక్కను ఇసుక సంచి మీద కొయ్య సుత్తితో గిన్నెలా లోతు చేసి, దాన్నే మళ్లీ బల్లపరుపు చేయడానికి ప్రయత్నిస్తే, రేకు ఎక్కడ ఎక్కువైందో ఎక్కడ తక్కువైందో చేతికి తెలిసొస్తుంది.

మరో మాట. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లోగాని బాడీషెల్‌లోగాని ఇంజనులోగాని పెద్ద మార్పులు జరగని బండికే వింటేజ్ గుర్తింపు, ‘వీఏ’ అక్షరాల నంబరు దొరుకుతాయి. మీ బండి వయసు సరిపోతుంది. ఆ ఆలోచన ఉంటే పాత రేకును వీలైనంత కాపాడుకుని, కొత్త ముక్కను పాత ఆకారంలోనే చేయండి.

కళాయి వారి మనవడు (తెనాలి):

పుట్టీకి బదులు సీసం వాడకం గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. మా తాతగారు ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు. గిన్నెను కాల్చి, నవాసాగరం చల్లి, తగరాన్ని గుడ్డతో అద్ది తుడిచేస్తే అద్దంలా అంటుకునేది. బాడీకి సీసం ఎక్కించే పనిలో మొదటి మెట్టు అచ్చంగా అదే: రేకును మెరిసేలా శుభ్రం చేసి, పలచగా కళాయి పూత తుడవాలి. తేడా రెండో మెట్టులో వస్తుంది. ఒట్టి తగరం 232 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా నీరైపోతుంది, నిలువు రేకు మీద నిలవదు. అదే 70 పాళ్లు సీసం, 30 పాళ్లు తగరం కలిసిన కడ్డీ అయితే 183 డిగ్రీల దగ్గర మెత్తబడి, సుమారు 255 వరకు వెన్నముద్దలా ఉంటుంది, ఆ వ్యవధిలో నూనె పట్టించిన చెక్క గరిటెతో కావలసినట్లు మెత్తవచ్చు. రేడియో రిపేరుకు వాడే 60-40 (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) కడ్డీకి ఆ వ్యవధి దాదాపు లేదు, దానితో ప్రయత్నించి నేల మీద చుక్కలు ఏరుకున్నవాణ్ణి.

సీసాన్ని ఆకురాయితోనే రాయాలి, గ్రైండరు పెట్టకూడదు, ఆ దుమ్ము పిల్లలున్న ఇంట్లో విషం. పూతకు వాడిన ఫ్లక్సును (కళాయి రేకుకు అంటుకోవడానికి రాసే మందును) వంటసోడా నీళ్లతో కడక్కపోతే నెలలు తిరక్కుండా రంగు పొక్కుతుంది.

ఆటోనగర్ సుత్తి (విజయవాడ):

సీసం గొప్ప పనే, కాదనను. అయితే మడ్‌గార్డు మీద రెండు మూడు మిల్లీమీటర్లకు లోపు తేడా మిగిలితే మంచి పుట్టీ చాలు. తప్పు పుట్టీది కాదండీ, దాని కింద గోనెపట్టా పెట్టినవారిది.

ఉప్పుటేరు ఫియట్ (కాకినాడ):

పెద్దలందరికీ కృతజ్ఞతలు. గ్యాస్ పనివారి దగ్గర రెండు పూటలు కూర్చుని, మొదట పాత డబ్బా రేకుల మీద అలవాటు చేసుకుని, నిన్న ఆదివారం మడ్‌గార్డు మీద మంట పెట్టాను. మొదటి చుక్క చల్లబడ్డాక నొక్కితే ‘టక్’ చప్పుడు సగం తగ్గింది. రెండోది దానికి రెండంగుళాల అవతల, మూడోది సాయంకాలం. ఈ ఉదయం బొటనవేలితో ఎంత నొక్కినా రేకు కదలలేదు, చప్పుడూ లేదు. అయితే పలచని నూలుగుడ్డ మీదుగా అరచేయి జారిస్తే, హెడ్‌లైటు వైపు ఒకచోట చేయి కొద్దిగా కిందికి దిగినట్లు అనిపిస్తోంది గాని, కంటికి ఏమీ కనబడటం లేదు. సిల్లు కోయడం ఇంకా మొదలుపెట్టలేదు, అడ్డగొట్టాలకు కొలతలు తీసుకున్నాను.

ఆటోనగర్ సుత్తి (విజయవాడ):

చేయి చెప్పిందే నమ్మండి. ఆ చోట ఆకురాయిని ఒత్తకుండా ఏటవాలుగా రెండుసార్లు లాగండి. మిట్టలు మెరుస్తాయి, పల్లం నల్లగా మిగిలిపోతుంది. ఆ నల్లమచ్చ కింద డాలీ అంచు ఆనించి, మచ్చ చుట్టూ తప్పించి కొట్టండి, మచ్చ మీద మాత్రం కొట్టకండి.