ఎస్కేప్ రూమ్‌లో తలుపుకు నిజంగానే తాళం పడాలా?

కూకట్‌పల్లి కావ్య

ఈ మధ్య మా కాలేజీ బ్యాచ్ అంతా కలిసి హైదరాబాద్‌లో ఒక ఎస్కేప్ రూమ్‌కి వెళ్లాం, అందరికీ అదే మొదటిసారి. తెలియనివాళ్లకు చెప్తున్నా, మనల్ని ఒక గదిలో పెట్టి గంట టైమ్ ఇస్తారు, అందులో దాచిన క్లూలు వెతికి, తాళాల నంబర్లు కనిపెట్టి, ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెకు వెళ్తూ చివరికి బయటపడాలి. మాది పాత జమీందారు బంగళా కథ.

లోపలికి పంపేముందు అక్కడి కుర్రాడు తలుపు పక్కన ఆకుపచ్చ బటన్ చూపించి, ఇబ్బందిగా అనిపిస్తే నొక్కండి, తలుపు తెరుచుకుంటుంది, టైమ్ మాత్రం ఆగదు అన్నాడు. ఆట సగంలో లైట్లు ఆరిపోయి శబ్దాలు మొదలయ్యేసరికి మా ఫ్రెండ్ ఒకమ్మాయికి ఊపిరాడనట్టు అయింది. బటన్ నొక్కి బయటికెళ్లి, కాసేపు కూర్చొని, మంచినీళ్లు తాగి మళ్లీ వచ్చింది. ఆట కూడా పూర్తి చేశాం. బయటికొచ్చాక మొదలైంది గొడవ. మావాళ్లలో ఇద్దరు "తెరుచుకునే తలుపు ఉంటే అది ఎస్కేప్ ఎలా అవుతుంది, డబ్బులు దండగ, ఈసారి నిజంగా తాళం వేసే చోటికి వెళ్దాం" అని, బిర్యానీ తింటున్నంతసేపూ అదే పాట.

నా మాట సూటిగా చెప్తున్నా. తాళం వేసే చోటికి నేను రాను, నా ఫ్రెండ్స్‌నీ వెళ్లనివ్వను. మీరేమంటారు?

బెజవాడ బుల్లెట్

కావ్య గారూ, మీ ఫ్రెండ్ పరిస్థితి అర్థమైంది కానీ నేను మీ ఇద్దరు ఫ్రెండ్స్ వైపే. నేను మొదటిసారి బెంగళూరులో ఆడినప్పుడు తలుపు బయటినుంచి వేసేశారు, పైగా ఇద్దరిద్దరికి కలిపి బేడీలు. చివరి ఐదు నిమిషాల్లో గుండె దడదడలాడుతుంటే అందరం ఒకేసారి అరుచుకుంటూ ఆ ఆఖరి నంబర్ తిప్పిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఎప్పుడంటే అప్పుడు వెళ్లిపోవచ్చు అని తెలిస్తే ఆ భయం ఎక్కడినుంచి వస్తుంది? కెమెరాలో ఒక మనిషి చూస్తూనే ఉంటాడు కదా, ఏదన్నా అయితే నిమిషంలో తెరుస్తాడు.

అగ్గి జాగ్రత్త

బుల్లెట్ తమ్ముడూ, ఆ మనిషి నిమిషంలో తెరుస్తాడు అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. నేను బిల్డింగులకు ఫైర్ సేఫ్టీ పనులు చేస్తాను. 2019 జనవరి 4న పోలాండ్‌లోని కొషాలిన్ ఊళ్లో ఒక ఎస్కేప్ రూమ్‌లో ఏం జరిగిందో చూడు. ఐదుగురు అమ్మాయిలు, అందరికీ 15 ఏళ్లే, పుట్టినరోజు జరుపుకోవడానికి వెళ్లారు. రిసెప్షన్ దగ్గరున్న గ్యాస్ హీటర్ నుంచి మంటలొచ్చాయి. అక్కడున్న ఉద్యోగికే ఒళ్లు కాలింది, అతను తలుపు దాకా వెళ్లలేకపోయాడు. పిల్లలు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కే చనిపోయారు. ఆ తర్వాత ఆ దేశమంతా ఇలాంటి గదులన్నిటినీ తనిఖీ చేసి చాలావాటిని మూయించారు.

అంటే మంట పుట్టింది తెరవాల్సిన మనిషి ఉన్నచోటే. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లే ముందు చిక్కుకుంటే లోపలివాళ్ల సంగతేంటి?

అది ఎక్కడో జరిగింది అనొద్దు. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో మంటలకు 25 మందికి పైగా పోయారు, అందులో చిన్నపిల్లలున్నారు, దానికి ఫైర్ ఎన్‌ఓసీయే, అంటే ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే అనుమతే లేదు. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది చనిపోయారు, బాల్కనీలో చాలామంది బయటికి దారి దొరక్కే పోయారు. మంట కంటే ముందు పొగ వస్తుంది తమ్ముడూ. పొగలో నాలుగంకెల తాళం ఎవరూ తిప్పలేరు.

గంట కొట్టేవాడు

నేను ఒక ఎస్కేప్ రూమ్‌లో గేమ్ మాస్టర్‌గా, అంటే కెమెరాలో చూస్తూ ఆట నడిపించేవాడిగా పనిచేస్తున్నా, పేరు చెప్పను. బుల్లెట్ అన్నా, థ్రిల్ తాళంలో ఉంది అనుకోవడం ఆడేవాళ్లకు సహజమే, కెమెరా ఇవతల కూర్చుంటే మాత్రం వేరే కనిపిస్తుంది. మా దగ్గర అన్ని గదులకూ బటన్ ఉంది. ఆట మొదలయ్యాక దానివైపు చూసేవాళ్లు చాలా తక్కువ. వాళ్ల కళ్లన్నీ గోడమీద తిరుగుతున్న గడియారం మీదే. మొదటిసారి వచ్చే బ్యాచ్ ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పనా? ఒకడు డ్రాయర్‌లో టార్చ్ దొరికించుకుని జేబులో పెట్టుకుంటాడు, ఎవరికీ చెప్పడు. గది అవతల ఇంకొకరు ఖాళీ కాగితం పట్టుకుని తలగోక్కుంటారు, ఆ టార్చ్ వెలుగు పడితే దానిమీద అక్షరాలు కనిపిస్తాయి. ఇద్దరి మధ్య నాలుగడుగుల దూరం, పావుగంట వృథా. ఆ రెండూ కలిసిన క్షణంలో వాళ్లు వేసే కేకలు విని పక్కగది వాళ్లు ఉలిక్కిపడతారు. దానికి తలుపుతో సంబంధమే లేదు.

అసలు ఈ ఆట మొదలైందే 2007లో, జపాన్‌లోని క్యోటోలో. కంప్యూటర్‌లో గది నుంచి తప్పించుకునే ఆటలుండేవి, వాటిని మనుషులతో నిజంగా ఆడించారు. ఆ కంప్యూటర్ ఆటల్లో మనల్ని ఎవరూ బంధించలేదు కదా, అయినా జనం రాత్రంతా మేలుకుని ఆడారు.

బెజవాడ బుల్లెట్

కొషాలిన్ సంగతి నాకు తెలియదు అన్నా, చదివాక మనసు పాడైంది. బయటినుంచి గొళ్లెం పెట్టడం తప్పే, ఒప్పుకుంటా. కానీ ఒకటి. భయం వేయగానే బటన్ నొక్కేసి వెళ్లిపోతే మిగతా నలుగురి ఆట ఏం కావాలి? వాళ్లూ డబ్బులు కట్టారు. బటన్ ప్రమాదానికి ఉండాలి, బోర్ కొట్టినా గాభరా పుట్టినా నొక్కేందుకు కాదు. దాన్ని అద్దం పెట్టెలో పెట్టి, పగలగొడితేనే తెరుచుకునేలా చేస్తే సరిపోతుంది కదా.

సరిత, వరంగల్

గాభరా వేరు, ప్రమాదం వేరు అని అంత తేలిగ్గా ఎలా విడదీస్తావు బాబూ? ఆస్తమా ఉన్న పిల్లకు గాభరాయే ప్రమాదం. మా అబ్బాయి పుట్టినరోజుకి ఇలాంటిదే ఒకటి బుక్ చేశాం. నేను ముందుగా వెళ్లి, తలుపు లోపలినుంచి తెరుచుకుంటుందా అని అడిగితే కౌంటర్‌లో కూర్చున్నాయన "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు మేడమ్" అన్నాడు. లోపల చూస్తే కిటికీలన్నీ ప్లైవుడ్‌తో మూసేసి, నల్ల గుడ్డలు వేలాడదీశారు. అడ్వాన్స్ పోయినా సరే అని పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లా. మావాడు రెండు రోజులు మాట్లాడలేదు, మాట్లాడకపోతే పోనీ.

కూకట్‌పల్లి కావ్య

సరిత గారూ, మీరు చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

బుల్లెట్ గారూ, మిగతా నలుగురి ఆట ఏం కావాలి అన్నారు కదా, మా నలుగురి ఆటకు ఏమీ కాలేదు. ఆ అమ్మాయిని నేను తర్వాత అడిగాను. బయటికి వెళ్లగలను అని తెలుసు కాబట్టే మళ్లీ లోపలికి వచ్చాను, తాళం వేసి ఉంటే అరిచి ఏడ్చి ఆటే ఆపించేదాన్ని, అసలు ముందే తెలిస్తే మీతో వచ్చేదాన్నే కాదు అంది. చివరి పెట్టె తెరవడానికి గడియారాల ముల్లులు చూసి నంబర్ చెప్పింది కూడా తనే. అద్దం పెట్టెలో బటన్ పెట్టి ఉంటే తను దాన్ని పగలగొట్టడానికి సిగ్గుపడి ఊపిరి బిగబట్టుకుని కూర్చునేది. ఫ్రెండ్స్‌తో సరదాగా వెళ్లిన చోట ఒకరు అలా కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

గేమ్ మాస్టర్ గారూ, ఈసారి బుక్ చేసేటప్పుడు ఏమేం అడగాలో చెప్పండి.

గంట కొట్టేవాడు

తలుపుకు మ్యాగ్నెటిక్ లాకా, మామూలు తాళమా అని అడగండి. మ్యాగ్నెటిక్ లాక్ కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, పోతే వదిలేస్తుంది. కొందరు దానికి ఇన్వర్టర్ తగిలిస్తారు, అప్పుడు కరెంటు పోయినా తెరుచుకోదు, అందుకే ఫైర్ అలారం మోగగానే లాక్ వదులుతుందా అని కూడా అడగండి. మీ ముందే ఒకసారి బటన్ నొక్కి చూపించమనండి, విసుక్కుంటే అక్కడినుంచి వచ్చేయండి. బేడీలు వేస్తామంటే తాళంచెవి లేకుండా ఊడేవేనా అని చూడండి. చీకటి, ఇరుకు గదులు పడనివాళ్లు మీలో ఉంటే ముందే చెప్పండి, లైట్లు పూర్తిగా ఆర్పం. లోపలికి రాను అనేవాళ్లను మేం మా పక్కన కుర్చీవేసి కూర్చోబెడతాం, కెమెరాలో చూస్తూ వాళ్లే వాకీటాకీలో మీకు హింట్లు ఇస్తారు.

బెజవాడ బుల్లెట్

ఆ హింట్ల సంగతి బాగుంది, మా అక్క గదిలోకి రానంటే రాను అంటుంది, ఆమెను అలా కూర్చోబెడతా. బటన్ మీద మాత్రం నా మాట ఇంకా అదే, నొక్కితే మొత్తం టీమ్‌కి ఐదు నిమిషాలు కోత వేయాలి.

అగ్గి జాగ్రత్త

కోత వద్దు తమ్ముడూ. ఐదు నిమిషాలు పోతాయని తెలిస్తే, పొగ వాసన వచ్చినా ఎవడో ఒకడు "ఆగరా, ఇంకో క్లూ చూద్దాం" అంటాడు.