రెండో వార్‌గేమ్‌కి ప్రచారం పెంచాలా, ఉన్న ఆటగాళ్లు చాలా? చేసేవాళ్లు, ఆడేవాళ్లు చెప్పండి

చందుర్తి1758
నమస్తే అందరికీ. మాది ఇద్దరి బృందం. మ్యాప్ మీద సైన్యాలను నడుపుతూ పాత యుద్ధాలు ఆడే వార్‌గేములు చేస్తాం. కోడ్ నాది, మ్యాపులూ చరిత్రా మా బావవి. బెంగళూరు కగ్గదాసపురలో అద్దె గది, ఆఫీసులు అయ్యాక రాత్రిళ్లు పని. మొదటి గేమ్ 1758 చందుర్తి యుద్ధం మీద చేశాం, ఇంగ్లీషువాళ్లూ విజయనగరం రాజూ ఒకవైపు, ఫ్రెంచివాళ్లు ఇంకోవైపు. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో పెట్టి ఏడాదిన్నర అయింది, 640 కాపీలు పోయాయి. కొన్నవాళ్లలో సగానికి పైగా అమెరికా, జర్మనీ వాళ్లు. తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఇప్పుడు రెండోది, 1791 బెంగళూరు కోట ముట్టడి. చేతిలో రెండు లక్షలున్నాయి. యూట్యూబ్ ప్రకటనలు ఇద్దాం, కామిక్ కాన్‌లో స్టాల్ పెడదాం, తెలుగు, కన్నడ భాషల్లో కూడా తెద్దాం అంటాడు బావ. హెక్స్ మ్యాప్, అంటే ఆరు మూలల గళ్ల మ్యాప్ చూడగానే కళ్లు మెరిసేవాళ్ల దగ్గరికే వెళ్దాం, మిగతావాళ్ల వెంట పడితే డబ్బు పోతుంది అని నా భయం. నెల రోజులుగా ఇంట్లో ఇదే పోరు. మీ అనుభవాలు చెప్పండి.

ఇందిరానగర్ ఇండీ
బ్రదర్, ఆ రెండు లక్షలు ముట్టుకోవద్దు. నా కథ వినండి.

నేను 1944 కొహిమా మీద గేమ్ చేశాను. మొదటి ఆరు నెలలు మెల్లగా అమ్ముడైంది, కానీ ప్రతి రివ్యూ చదివితే కడుపు నిండేది. అప్పుడు దురాశ పుట్టింది. షూటింగ్ గేములు ఆడే ఒక స్ట్రీమర్‌కి 60 వేలు ఇచ్చి ఆడించాను. ఒక్క రోజులో 300 కాపీలు పోయాయి. ఆ రాత్రి ఇంట్లో స్వీట్లు పంచాను. మూడో రోజుకి 120 రీఫండ్లు.

ఎందుకో మీకు తెలుసు. కొన్న 14 రోజుల్లో, 2 గంటల లోపు ఆడి ఉంటే, అడిగితే చాలు, కారణం ఏదైనా స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. మన గేముల్లో సరఫరా లైను, అంటే సైన్యానికి తిండీ మందుగుండూ అందే దారి, ఏమిటో అర్థం కావడానికే 2 గంటలు పడుతుంది. వాళ్లది తప్పు అనను, వాళ్లకు నేను వేరే వస్తువు చూపించి అమ్మాను. పోతూ పోతూ రివ్యూలు రాసి వెళ్లారు. మెచ్చుకున్నవాళ్లు 70 శాతానికి తగ్గితే 'మిక్స్‌డ్' అని ముద్ర పడుతుంది కదా, నాది 64కి పడింది. అసలు ఆటగాళ్లు కూడా ఆ ముద్ర చూసి వెనక్కి తగ్గారు. ఆ గేమ్ ఇప్పటికీ లేవలేదు.

పాతకౌంటర్లు
నేను 1986 నుంచి ఈ ఆటల్లో ఉన్నాను. ఇక్కడున్న చాలామంది పుట్టకముందే నా దగ్గర అవలాన్ హిల్ కంపెనీ వార్‌గేమ్ పెట్టెలు పదకొండు ఉన్నాయి. కాబట్టి కాస్త చరిత్ర చెప్పనివ్వండి.

ఆ కంపెనీ పెట్టిన చార్లెస్ రాబర్ట్స్ 1954లో తన మొదటి గేమ్ పోస్టులోనే అమ్మాడు. కొనేవాడు ఎవడో తెలుసుకుని అమ్మడమే ఈ రంగం పుట్టుక. ఆ తర్వాత ఎస్పీఐ అనే ఇంకో వార్‌గేమ్ కంపెనీ తన పత్రిక ప్రతి సంచికతో ఒక గేమ్ పెట్టి పంపింది. చందాదారులకే ప్రశ్నావళి వేసి, తర్వాత ఏ యుద్ధం కావాలో అడిగేవాళ్లు. అంత పెద్ద సంస్థ 1982లో టీఎస్సార్ అనే గేమ్ కంపెనీ దగ్గర చేసిన అప్పు తీర్చలేక చేతులు మారింది. కొత్త యజమానులు జీవితకాల చందాలు చెల్లవన్నారు. అంతే, పాత ఆటగాళ్ల మనసు విరిగింది, మళ్లీ అతకలేదు. ఉన్నవాళ్లను నిలుపుకోవడం ముందు, విస్తరించడం తర్వాత.

వార్‌గేములు అచ్చు వేసే జీఎంటీ కంపెనీ వాళ్లను చూడండి. ముందస్తు ఆర్డర్లు 500 దాకా వస్తేనే అచ్చుకి వెళ్లే పద్ధతి పెట్టారు. దాంతో దశాబ్దాలుగా నిలబడ్డారు. పైసా ప్రకటన లేకుండా మీరు చేయగలిగింది అదే.

ఇంకో మాట. మీ చందుర్తి గేమ్ ఆడాను. ఎర్ర కోట్ల రూల్ అద్భుతం. బెంగాల్ సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకుంటే, వాళ్లే తెల్లవాళ్ల పటాలం అనుకుని ఫ్రెంచివాళ్లు అటు మళ్లడం, ఎత్తుగా ఎదిగిన పైరు వెనక అసలు పటాలం దాగి ఉండడం, ఇదంతా ఒక్క టర్న్‌లో పట్టుకున్నారు. విజయనగరం సైన్యానికి బలం 1 ఇచ్చిన ధైర్యం కూడా మెచ్చుకున్నాను.

బెళ్లందూరు బ్యాచిలర్
మ్యాక్‌లో నడుస్తుందా అండీ? స్టీమ్ పేజీలో విండోస్ గుర్తు ఒక్కటే ఉంది.

గంటస్తంభం
పాతకౌంటర్లు గారు మెచ్చుకున్నారు కానీ, నాకు ఆ గేమ్ తెరవగానే గుండె మండింది. మాది విజయనగరం. పదిహేనేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాను. మా ఊరి పేరున్న గేమ్ వచ్చిందని అర్ధరాత్రి డౌన్‌లోడ్ చేసుకున్నాను. చూస్తే ఆనంద గజపతి రాజు సైన్యం మొత్తం కలిపి నాలుగు కౌంటర్లు (దళాల బిళ్లలు), బలం 1, తుపాకి శబ్దం వినగానే పరుగు. ఎవరి కోసం చేశారండీ ఈ గేమ్? జర్మనీ వాళ్ల కోసమా? తెలుగువాళ్లు ఎందుకు కొనలేదని అడుగుతున్నారు, జవాబు ఇందులోనే ఉంది.

ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ బెంగాల్ నుంచి కదిలిందే మా రాజు కబురు పెడితే. ఆయన పిలవకపోతే చందుర్తి లేదు, మచిలీపట్నం లేదు, ఉత్తర సర్కారుల్లో ఇంగ్లీషువాళ్ల పెత్తనమే వచ్చేది కాదు.

పాతకౌంటర్లు
కబురు పెట్టడం వేరు, యుద్ధం చేయడం వేరు. ఆ సైన్యంలో కొంతమందికి నాసిరకం తుపాకులు, మిగతావాళ్లకు ఈటెలు, విల్లులు. ఆ కాలపు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ వివరంగా రాశాడు. అభిమానంతో అంకెలు పెంచితే అది చారిత్రక గేమ్ కాదు.

గంటస్తంభం
ఓర్మ్ ఎవరండీ? కంపెనీ కొలువు చేసినవాడు. వాళ్ల మనిషి రాసింది వేదం, మా ఊళ్లో తరతరాలుగా చెప్పుకునేది అభిమానమా? మీకు పదకొండు పెట్టెలున్నాయని మా ఊరి చరిత్ర మీది కాదు.

పాతకౌంటర్లు
నా పెట్టెల జోలికి రాకండి. ఓర్మ్ తప్పని చూపించే ఇంకో రాత ఉంటే పట్టుకురండి, నేనే మొదట చదువుతాను. లేకపోతే అంకె అంకెగానే ఉండాలి. నలభై ఏళ్లుగా ఈ ఒక్క నియమం మీదే ఈ ఆటలు ఆడుతున్నాను.

కోరమంగళ కేఫ్
గొడవ ఆపి అసలు విషయం చూడండి. నేను ప్రతి ఆదివారం ఒక కేఫ్‌లో టేబుల్ వేసి ఆడిస్తాను. 'ట్విలైట్ స్ట్రగుల్' అనే బోర్డు గేమ్ ఆడినవాళ్లలో ముప్పాతిక మంది వార్‌గేమ్ అన్న మాటే విననివాళ్లు. 2005లో వచ్చిన ఆ గేమ్ బోర్డుగేమ్‌గీక్ వెబ్‌సైట్ పట్టికలో ఒకప్పుడు ఏళ్ల తరబడి మొదటి స్థానంలో నిలిచింది, అదీ జీఎంటీదే. భారతదేశ స్వాతంత్ర్య పోరాటం మీద 2019లో 'గాంధీ' అనే గేమ్ తెచ్చింది కూడా వాళ్లే. అంటే పాత ఆటగాళ్లను వదలకుండానే కొత్తవాళ్లను పిలవొచ్చు.

చందుర్తి పేరు తెలుగువాళ్లకే తెలియదు అండీ. బొబ్బిలి అని పెట్టండి! 1757 జనవరి, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, తాండ్ర పాపారాయుడు. బుర్రకథ విని పెరిగినవాడెవడూ ఆ పేరు దాటి పోడు. ఒక్క రూపాయి ప్రకటన అక్కర్లేదు.

జయనగర్ టీచర్
బొబ్బిలి వద్దండీ. ఆ కోట పడే ముందు లోపల ఆడవాళ్లకూ పిల్లలకూ ఏం జరిగిందో మనందరికీ తెలుసు. దానికి పాయింట్లు ఎలా వేస్తారు? మా అమ్మమ్మ ఆ కథ చెబుతూ ప్రతిసారీ అదే చోట ఆగి కళ్లు తుడుచుకునేది. పేరు అమ్ముడుపోతుందని దాన్ని వాడుకోవడం నాకు సమ్మతం కాదు.

కోరమంగళ కేఫ్
కొహిమాలో మనుషులు చావలేదా టీచర్ గారూ? అన్ని యుద్ధాలూ అంతే. మీ లెక్కన ఏ గేమూ చేయకూడదు.

జయనగర్ టీచర్
చావు ఉన్న ప్రతిదీ వద్దు అనలేదు. సైన్యాలు ఎదురెదురుగా నిలిచిన చోట ఆటగాడికి ఏదో ఒక నిర్ణయం చేతిలో ఉంటుంది. బొబ్బిలి చివరి గంటల్లో ఆటగాడు చేసే నిర్ణయం ఏమిటో మీరే చెప్పండి.

మోడరేటర్
బొబ్బిలి, విజయనగరం మాట రాగానే కులం ఎత్తిన రెండు కామెంట్లు తీసేశాను. ఇంకోసారి వస్తే చర్చ మూసేస్తాను. గేమ్ గురించి మాట్లాడండి.

అవెన్యూ రోడ్ ప్రెస్
మాది మూడు తరాల ప్రింటింగ్. ఒకతను కౌంటర్లు అచ్చు వేయించాడు, వంద సెట్లు. అచ్చుతో బిళ్లలు కోసే డై కటింగ్ అర మిల్లీమీటరు జరిగినా బొమ్మ అంచుకి పోతుంది. నాలుగు షీట్లు పాడుచేసి ఐదోది పట్టాం. ఆ కౌంటర్లు చేతిలో పెట్టినప్పుడు అతని మొహం మరిచిపోలేను. డిజిటల్ అంటున్నారు కానీ, కాగితం మీద కూడా వేయండి. చిన్న సంఖ్యలో చేస్తాం.

జయనగర్ టీచర్
అసలు నేను చెప్పాలని వచ్చింది ఇది. మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని, ఏడు నుంచి తొమ్మిదో తరగతి వాళ్లు పద్నాలుగు మందిని, కె.ఆర్. మార్కెట్ దగ్గర కోటకి తీసుకెళ్లాను. గోడ పగిలిన చోట ఇంగ్లీషువాళ్లు లోపలికి వచ్చారని రాసిన రాతిపలక ఉంది, 1791 మార్చి 21. రోజూ లక్ష మంది ఆ పక్కనుంచి బస్సు ఎక్కుతారు, ఒక్కరూ తల తిప్పరు. పిల్లలు ఆ రాయి మీద వేళ్లు పెట్టి చదివారు.

ఇంటికొచ్చాక చార్ట్ పేపర్ మీద హెక్సులు గీశాను. కోట పక్కనున్న పేట మార్చి 7న పడింది, కోట ఇంకా నిలబడి ఉంది, టిప్పు సైన్యం బయట తిరుగుతోంది. ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్‌కి ఎడ్లకు మేత లేదు, ఆలస్యమైతే తనే చిక్కుకుంటాడు. మూడే రూల్స్ పెట్టాను. రెండున్నర గంటలు ఒక్క పిల్లాడూ ఫోన్ అడగలేదు. మర్నాడు ఒక పాప తలుపు కొట్టి, 'ఆంటీ, కోటను కాచిన కిల్లేదార్ బహదూర్ ఖాన్‌కి టిప్పు సాయం ఎందుకు అందలేదు' అని అడిగింది. పదేళ్లు పాఠం చెప్పినా నాకు రాని ప్రశ్న అది.

వీళ్లు మీ ఆటగాళ్లే కదా? కానీ ఆ తర్వాత మీ చందుర్తి గేమ్ పెడితే నలభై పేజీల మాన్యువల్ తెరుచుకుంది. పది నిమిషాల్లో లేచిపోయారు. ప్రచారం సంగతి తర్వాత. తలుపు తీసి పెట్టకుండా వీధిలో దండోరా వేస్తే ఏం లాభం?

పాతకౌంటర్లు
ఈ మాటకి నేను తలవంచుతాను. 2011లో క్రొయేషియా నుంచి ఒక చిన్న బృందం 'యూనిటీ ఆఫ్ కమాండ్' తెచ్చినప్పుడు, ఇంత తేలికైనది మన ఆట కాదు అని తీసిపారేశాను. మా అబ్బాయి దాంతోనే మొదలుపెట్టాడు. ఆ గేమ్ మొత్తం సరఫరా మీదే నడుస్తుంది, రూల్ మాత్రం చూడగానే తెలిసిపోతుంది. లోతు తగ్గించకుండా గుమ్మం ఎత్తు తగ్గించారు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

బెళ్లందూరు బ్యాచిలర్
మ్యాక్ గురించి ఎవరూ చెప్పలేదు. నిజంగా కొనాలని ఉంది.

ఇందిరానగర్ ఇండీ
టీచర్ గారి మాట బంగారం. నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. చందుర్తి1758, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రాబోయే గేముల డెమోలు ఆడించే స్టీమ్ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం, విడుదలకు ముందే. డెమో తయారుగా లేకుండా ఆ వారం పోగొట్టుకోవద్దు. నేను పోగొట్టుకున్నాను. గేమ్‌ని విష్‌లిస్టులో, అంటే కొనాలనుకునే జాబితాలో పెట్టుకున్నవాళ్లకి విడుదల రోజున మెయిల్ దానంతటదే వెళ్తుంది, నా స్ట్రీమర్ 60 వేలు చేయలేనిది అదే.

గంటస్తంభం
ప్రచారం గురించి అందరూ చెబుతున్నారు, నా ప్రశ్నకి గేమ్ చేసినవాళ్లు ఇంకా జవాబివ్వలేదు.

చందుర్తి1758
ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చాను, అన్నీ చదివాను. బావ పక్కనే ఉన్నాడు.

గంటస్తంభం గారూ, మీకు బాధ కలిగినందుకు మాకూ బాధగా ఉంది. బలం 1 మార్చలేం. ఆయుధాల సంగతి పాతకౌంటర్లు గారు చెప్పినట్టే ఉంది. కానీ మీరు అన్నదాంట్లో మేం చూడనిది ఒకటి ఉంది. గేమ్ ఒక్క రోజు యుద్ధం మీదే చేశాం, అందుకే రాజు చిన్నగా కనిపించారు. యుద్ధం గెలిచాక డబ్బు కోసం ఫోర్డ్‌కీ ఆయనకీ పేచీ వచ్చి, కంపెనీ సైన్యం మచిలీపట్నం వైపు వెళ్లకుండా వారాల తరబడి ఆగిపోయింది. అంటే పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. చందుర్తి నుంచి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడేదాకా ఒక పెద్ద సినారియో చేస్తాం. అందులో ఖజానా ఆనంద గజపతిది, ఆయన్ని ఒప్పించకుండా ఇంగ్లీషు ఆటగాడు కదలలేడు. ఉన్న గేమ్‌లోనే ఉచితంగా కలుపుతాం. తెలుగులో కూడా.

ప్రకటనలు ఇవ్వడం లేదు. దానికి బావ కూడా ఒప్పుకున్నాడు. కామిక్ కాన్ స్టాల్ మీద మాత్రం ఒప్పుకోలేదు, ఇంకా మాట్లాడుకుంటున్నాం. ముందు మాన్యువల్ పక్కన పెట్టి, గోడ పగిలిన రాత్రి ఒక్కటే డెమోగా చేస్తాం, మూడు రూల్స్‌తో. టీచర్ గారూ, మీ చార్ట్ పేపర్ ఒకసారి చూడొచ్చా? బెళ్లందూరు గారూ, ఆలస్యానికి మన్నించండి, మ్యాక్ వెర్షన్ రెండో గేమ్‌తో వస్తుంది.

జయనగర్ టీచర్
తప్పకుండా. ఈ ఆదివారం ఇంకో పది మంది పిల్లల్ని కోటకి తీసుకెళ్తున్నాను. ఉదయం 9కి కె.ఆర్. మార్కెట్ మెట్రో స్టేషన్ దగ్గరికి రండి, చార్ట్ తెస్తాను.

గంటస్తంభం
ఖజానా సంగతి బాగుంది. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. వాణ్ని తీసుకుని నేను కూడా రావచ్చా?

పాతకౌంటర్లు
రండి. నేనూ వస్తున్నాను. ఓర్మ్‌లో చందుర్తి పేజీలు జిరాక్స్ తీసి తెస్తాను, కూర్చుని చూద్దాం.