సమస్యాపూరణం: ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు

సంచాలకుడు (లూయివిల్, కెంటకీ):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

*ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు*

ఈ పాదం ఎందుకు పుట్టిందో చెబుతాను. మా ఊరి యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ జెఫ్ బ్రామ్. (ఇది గుండ్రటి బంతి ఆట కాదు, కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట.) ఆయన పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడి ట్రినిటీ హైస్కూల్లో. తండ్రి, ఇద్దరు అన్నదమ్ములు కూడా ఈ యూనివర్సిటీకే ఆడారు. 1993 డిసెంబర్‌లో లిబర్టీ బౌల్ ఆటకి (బౌల్ అంటే సీజన్ ముగిశాక జరిగే ప్రత్యేక ఆట) ఆయన బంతి విసిరే చేతి వేలు విరిగి ఉంది. అలాగే దిగాడు. మిషిగన్ స్టేట్ మీద 18–7తో గెలిచారు, ఉత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే వచ్చింది. మా పక్కింటి పెద్దాయన ఈ సంగతి చెప్పేటప్పుడు ప్రతిసారీ తన చూపుడు వేలు పట్టుకుని చూపిస్తాడు.

ఆ తర్వాత ఊరు వదిలి ఎక్కడెక్కడో పనిచేసి, 2022 డిసెంబర్‌లో హెడ్ కోచ్‌గా తిరిగొచ్చాడు. మరుసటి ఏడే పది ఆటలు గెలిపించాడు. నోటర్‌డామ్‌ని 33–20తో ఓడించిన రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. 2025 అక్టోబర్‌లో దేశంలో రెండో ర్యాంకులో ఉన్న మయామీని వాళ్ళ ఊరికే వెళ్ళి 24–21తో కొట్టి వచ్చాడు.

అంత గెలిస్తే సంతోషమే కదా అంటారు. కానీ ఇక్కడ గెలుపు వెనకే భయం ఉంటుంది. చలికాలం మొదలవగానే పెద్ద పెద్ద యూనివర్సిటీలు తమ కోచ్‌లని తీసేసి కొత్తవాళ్ళ కోసం వెతుకుతాయి. గెలిచేవాడి మీదే అందరి కన్నూ. డిసెంబర్ వస్తే మాకు అదే టెన్షన్.

ఫుట్‌బాల్ మీదే రాయాలని లేదు. పాదానికి అర్థం కుదిరితే చాలు.

తెనాలి మాస్టారు:
ఆట నాకు తెలియదు గాని పాదం బాగుంది నాయనా. ‘ఇంటివాడు’ అనగానే నాకు పెళ్ళే గుర్తొచ్చింది.

కన్నవారల కనుదోయి కలఁతపడఁగ
నత్తవారింట దీపమై యాలు నవ్వ
నిల్లరికమేఁగి పెండ్లాడి యింపుఁ గనియె;
ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు.

సంచాలకుడు:
మాస్టారూ, సమస్య ఇచ్చేటప్పుడు ‘ఓ ఇంటివాడవడం’ నాకు తట్టనే లేదు. ఇల్లు విడవడం, ఇంటివాడు కావడం రెండూ ఒకే ముహూర్తాన జరిగిపోయాయి. మొదటి పాదంలో కన్నవాళ్ళ కన్నీళ్ళు, రెండో పాదంలో భార్య నవ్వు పక్కపక్కనే పెట్టారు, పద్యానికి బలం అక్కడే ఉంది. మూడో పాదం చివర ‘కనియె’ అని వాక్యం ముగించడం వల్ల సమస్య పాదం ముందు విసంధి దోషం (సంధి చేయాల్సిన చోట చేయకపోవడం) కూడా రాలేదు. కొత్తగా రాసేవాళ్ళు ఇది గమనించండి.

హనుమకొండ అక్కయ్య:
నా పూరణ:

తండ్రి మాటకై వనముల దారిఁ బట్టి
పదియు నాల్గేండ్లు గడపి యా పట్టణమునఁ
గాలు మోపిన రామునిఁ గాంచి యనిరి:
ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు.

తెనాలి మాస్టారు:
అమ్మా, నడక చక్కగా ఉంది. మొదటి పాదంలో త–దా వర్గయతి (ఒకే వర్గపు అక్షరాల యతి). అయితే ‘అనిరి’ అన్నది ఎవరు? పద్యమంతా వెతికినా కర్త దొరకలేదు.

హనుమకొండ అక్కయ్య:
నిజమే మాస్టారూ, జనం నా మనసులోనే ఉండిపోయారు. ఒకటో పాదం, మూడో పాదం మార్చాను:

తండ్రి మాటకై రాముఁడు తరలి పోయి
పదియు నాల్గేండ్లు గడపి యా పట్టణమునఁ
గాలు మోపఁగాఁ బౌరులు గాంచి యనిరి:
ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు.

సంచాలకుడు:
ఇప్పుడు కుదిరింది అక్కా. ‘పౌరులు’ రావడంతో సమస్య పాదం ఊరి జనం నోటి మాటయింది. నాకు కావలసిందీ అదే. ఇంటివాడో కాదో తేల్చాల్సింది వదిలి వెళ్ళినవాడు కాదు, ఎదురుచూసినవాళ్ళు.

విశాఖ వదిన:
మా మరిది దుబాయ్‌లో ఉన్నాడు. అతన్ని తలచుకుని రాశాను.

పొట్ట చేతఁ బట్టుకొని యా పొలము విడిచి
సంద్ర మవతలఁ బనిచేసి సగము జీత
మమ్మ మందుకు నప్పుకు నంపుచుండె;
ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు.

సంచాలకుడు:
వదినా, ‘సగము జీతము’ అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను. ‘ధనము’ అనో ‘సిరులు’ అనో రాసుంటే పద్యం మామూలుగా పోయేది. ‘సంద్రము’ వాడుక మాటే అయినా ఈ పద్యానికి అదే అందం, మార్చకండి.

లూయివిల్ తమ్ముడు:
అన్నా, నాది మొదటి పద్యం. తప్పులుంటే చెప్పండి. మన ఊరి కోచ్‌ల మీదే రాశాను.

ఒకఁడు టెక్సాసు, మఱియొక్కఁ డోక్లహోమ,
పక్కయూరికే యొక్కండు పరువు లెత్తె;
తిరిగి వచ్చిన బ్రామొకఁడె తీరు వేఱు;
ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు.

తెనాలి మాస్టారు:
మొదటి పద్యమా ఇది? శభాష్! ‘ఓక్లహోమ’కి స్వరయతి (అచ్చుల యతి) కుదర్చడం మాటలు కాదు. మూడో పాదంలో మాత్రం గణం తప్పింది. ‘బ్రామొకఁడె’ అంటే ఒక గురువు, మూడు లఘువులు. తేటగీతిలో అక్కడ రావాల్సిన ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. ‘బ్రాముది’ అంటే భగణం (ఒక గురువు, రెండు లఘువులు) వస్తుంది, అర్థమూ తిన్నగా ఉంటుంది: *తిరిగి వచ్చిన బ్రాముది తీరు వేఱు.*

లూయివిల్ తమ్ముడు:
సరిచేసుకున్నాను మాస్టారూ, ధన్యవాదాలు.

హనుమకొండ అక్కయ్య:
ఇంతకీ టెక్సాసెవరు, పక్క ఊరెవరు? మాకు తెలియదు కదా తమ్ముడూ.

సంచాలకుడు:
నేను చెబుతాను అక్కా, ఈ ఊరి గాయాలన్నీ ఆ రెండు పాదాల్లోనే ఉన్నాయి. ఓక్లహోమా వెళ్ళింది హవర్డ్ ష్నెలెన్‌బర్గర్. 1985లో వచ్చి, ఎవరూ పట్టించుకోని జట్టుని 1991 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో అలబామా మీద 34–7తో గెలిచే దాకా తెచ్చాడు. బ్రామ్‌కి గురువు ఆయనే. 1994 చివర వెళ్ళిపోయాడు. టెక్సాస్ వెళ్ళింది చార్లీ స్ట్రాంగ్, 2014 జనవరిలో. పద్యంలో పట్టనివాళ్ళు ఇంకా ఉన్నారు. 2002 డిసెంబర్‌లో మొబీల్ నగరంలో మార్షల్ యూనివర్సిటీతో బౌల్ ఆట జరుగుతుండగానే, జాన్ ఎల్. స్మిత్ మిషిగన్ స్టేట్‌కి పోతున్నాడని వార్త బయటికొచ్చింది. పిల్లలు ఇంకా మైదానంలోనే ఉన్నారు. 38–15తో ఓడిపోయారు. బాబీ పెట్రీనో పదేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టి, ఏడాది తిరక్కుండానే, 2007 జనవరిలో అట్లాంటా ఫాల్కన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి వెళ్ళాడు.

ఇక పక్క ఊరంటే సిన్సినాటి, ఇదే ఒహాయో నది మీద మాకు ఎగువన ఉంది. 2022 డిసెంబర్‌లో స్కాట్ సాటర్‌ఫీల్డ్ అక్కడికి వెళ్ళాడు. అప్పటికే మా జట్టుకి బోస్టన్‌లో ఫెన్వే బౌల్ ఖాయమై ఉంది. ప్రత్యర్థి ఎవరో తెలుసా? సిన్సినాటి! పాత విద్యార్థి డియాన్ బ్రాంచ్ ఆ ఒక్క ఆటకి కోచ్‌గా నిలబడి 24–7తో గెలిపించాడు. ఇన్ని చూసినవాళ్ళం గనక ఇంటివాడు దొరికితే కళ్ళలో పెట్టుకుంటాం.

లఫయెట్ విద్యార్థి:
నమస్కారం అన్నా. నేను పర్డ్యూ యూనివర్సిటీలో చదువుతున్నాను, మీకు మూడు గంటల దూరం. మా వైపు కథ కూడా వినండి. మీ బ్రామ్ 2017 నుంచి 2022 దాకా మా కోచ్. 2018 అక్టోబర్ 20న రెండో ర్యాంకు ఒహాయో స్టేట్‌ని 49–20తో ఓడించిన రాత్రి గురించి ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 డిసెంబర్ 3న మా లీగ్ బిగ్ టెన్ ఫైనల్ ఆడించాడు, ఓడినా గర్వపడ్డాం. వారం తిరక్కుండానే ఆయన మా దగ్గర లేడు.

మాకు గెలుపును నేర్పిన మనిషి వాఁడు
పుట్టినూరు పిలిచెనని పోయె నయ్య!
మీకుఁ బండుగ, మాకేమొ మిగిలె దిగులు;
ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు.

తెనాలి మాస్టారు:
యతులు, గణాలు అన్నీ శుద్ధం. ఒకరు విడిచిన ఇల్లు ఇంకొకరికి ఇంటివాణ్ణిచ్చింది. సమస్యలోని విరోధం ఎక్కువ వాదన లేకుండా తీరిపోయింది. నావరకు ఈ వారం మేటి పూరణ ఇదే.

హనుమకొండ అక్కయ్య:
నాదీ అదే మాట. కానీ తమ్ముడూ, నాకో సందేహం. మిమ్మల్ని విడిచినవాడు రేపు వాళ్ళనీ విడవడని ఏమిటి నమ్మకం? ఊరివాడైతే మాత్రం?

సంచాలకుడు:
సరైన ప్రశ్న అక్కా. ఊరివాడు కావడం ఒక్కటే చాలదు, ఒప్పుకుంటాను. ష్నెలెన్‌బర్గర్ పెరిగింది కూడా ఈ ఊళ్ళోనే, ఆయనా వెళ్ళాడు.

నా నమ్మకం వేరే చోట ఉంది. 2018 నవంబర్‌లో మా కోచ్ ఉద్యోగం ఖాళీ అయినప్పుడు ఊరు ఊరంతా బ్రామ్‌నే పిలిచింది. ఆయన రానన్నాడు. పర్డ్యూలో రెండేళ్ళే అయింది, తనను నమ్మి చేరిన పిల్లలున్నారు. ఆరోజు నాకు కోపమొచ్చింది, కన్నతల్లి పిలిస్తే రాడేమిటని. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆ కాదన్న మాటే మాకు హామీ అనిపిస్తోంది. సొంత ఊరు పిలిచినా చేతిలో పని సగంలో వదలనివాడు, పరాయివాళ్ళు పిలిస్తే సొంత ఊరిని వదులుతాడా? ఆ తర్వాత పర్డ్యూలో నాలుగేళ్ళుండి, వాళ్ళని ఫైనల్ దాకా తీసుకెళ్ళాకే వచ్చాడు. పర్డ్యూ తమ్ముడి దిగులు నిజం. దాన్ని నేను తక్కువ చేయను. అతని మూడో పాదం చదివాక నేను రాసుకున్న పద్యం పక్కన పెట్టి ఇది రాశాను:

పిలిచినను నాఁడు మన యూరు ప్రేమమీఱ
నమ్ముకొన్న పిల్లల విడనాడఁ డయ్యె;
అట్టి వాఁడింక మనలను గట్టుఁ జేర్చు;
ఇల్లు విడిచిన వాఁడె పో యింటివాఁడు.

తెనాలి మాస్టారు:
మూడో పాదంలో అట్టి–గట్టు ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల ప్రాస). నది ఒడ్డున ఊరు గనక ‘గట్టు చేర్చడం’ అతికింది. రెండో పాదం చివర వాక్యం ముగిసింది కాబట్టి ‘అట్టి’ దగ్గర సంధి అక్కర్లేదు.

లూయివిల్ తమ్ముడు:
అన్నా, ఇది ప్రింట్ తీసి శనివారం ఆటకి తీసుకెళ్తాను. మన పక్కింటి పెద్దాయనకి ఇంగ్లీషులో చెబుతాను.

లఫయెట్ విద్యార్థి:
‘నమ్ముకొన్న పిల్లల’ అన్నారు కదా అన్నా. ఆ పిల్లలు మా వాళ్ళే. 2018లో ఆయన మా కోసం ఆగాడన్న సంగతి మీ ఊరి పద్యంలో చదువుతాననుకోలేదు. నా పద్యంలో ‘దిగులు’ అలాగే ఉండనివ్వండి, మీ రెండో పాదం మాత్రం మా హాస్టల్ గోడ మీద రాసుకుంటాను.