చనిపోయినవారి పేరు ఉంది, ఇల్లు మారినవారి పేరు లేదు: లోపం ఎక్కడ?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మా నాన్నగారు కాలం చేసిన రెండేళ్లకు, 2024 ఎన్నికల ముందు, ఆయన పేరిట ఓటరు స్లిప్పు ఇంటికి వచ్చింది. విజయవాడ పటమటకు అద్దెకు మారిన మా తమ్ముడికి మాత్రం పాత ఓటు పోయింది, కొత్తది రాలేదు. ఫోనులోనే దరఖాస్తు చేసుకోగలిగే ఈ రోజుల్లో ఇలా ఎందుకు జరుగుతోంది? ఆధార్‌ను తప్పనిసరి చేస్తే ఈ తిప్పలు తప్పుతాయా?

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు):
మీ తమ్ముడు బహుశా ఫారం-6 పెట్టి ఉంటారు. 2022 ఆగస్టు నుంచి అది తొలిసారి నమోదయ్యేవారికి మాత్రమే. ఇల్లు మారినవారు, నియోజకవర్గం మారినా సరే, ఫారం-8 పెట్టాలి. మరణించినవారి పేరు తీయించడానికి ఫారం-7 ఉంది గానీ, ఆ దుఃఖంలో అది ఎవరికి గుర్తుంటుంది?

నేను బీఎల్వోగా (ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారిగా) కృష్ణలంకలో తిరిగినప్పుడు ఒకే డోర్ నంబరు కింద మూడు వాటాలు, డాబా మీద ఒక రేకుల గది ఉండేవి. ఒక వాటాకు తాళం కనిపిస్తే, ఇంటి యజమానురాలు ‘‘వాళ్లు ఎప్పుడో ఖాళీ చేశారండీ’’ అన్నారు. తొలగింపునకు రాయబోయి ఎందుకో ఆగాను. ఖాళీ చేసినవారు అదే మెట్లెక్కి రేకుల గదిలోకి మారారని మరుసటి వారం తెలిసింది. ఏ యాప్ ఆ మెట్లు ఎక్కుతుంది?

జవాబు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి):
మాస్టారి మాటతో సగమే ఏకీభవిస్తాను. మరణాల సమాచారం కోసం ఇంటింటికీ తిరగనక్కరలేదు; మరణ నమోదు వివరాలను రిజిస్ట్రార్ జనరల్ నుంచి నేరుగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో తీసుకుంటామని ఎన్నికల సంఘం 2025 మేలో ప్రకటించింది. అసలు చిక్కు పేర్లు సరిపోల్చడంలోనే ఉంది. మా ఇంట్లోనే ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనుక, మరో దానిలో పొడి అక్షరంగా ఉంది. అందువల్ల యంత్రం అనుమానాన్ని చూపాలే తప్ప, పేరును తానే కొట్టివేయకూడదు.

జవాబు (న్యాయవాది, విజయవాడ):
ఆధార్ మనిషి ఎవరో చెబుతుంది; 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అడిగేది ఆ మనిషి సాధారణంగా ఎక్కడ నివసిస్తున్నాడని. పైగా అది పౌరసత్వానికి రుజువు కాదు. 2021 సవరణ తరువాత ఓటర్లు ఆధార్ నంబరు తెలిపే ఫారం-6బీ వచ్చినా, ఆధార్ ఇవ్వడం తప్పనిసరి కాదని ఎన్నికల సంఘమే 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది.

తొలగింపును మరీ సులభం చేస్తే ఏమవుతుందో మన రాష్ట్రం 2019 ఎన్నికల ముందే చూసింది: ఫారం-7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో ఆన్‌లైన్‌లో వచ్చిపడ్డాయి, చాలావాటిని ఎవరి పేరిట పెట్టారో వారికే తెలియదు, పోలీసు కేసులు నమోదయ్యాయి. ఇల్లు మారారన్న కారణంతో పేరు తీసేముందు ఆ వ్యక్తి వాదన వినాలని చట్టంలోని 22వ సెక్షన్ చెబుతోంది. మీ తమ్ముడికి నోటీసు అందిందా అన్నది ముందు విచారించండి.

ప్రశ్న అడిగినవారు:
నోటీసు ఏదీ అందలేదట. వాడు దరఖాస్తు చేసింది ఫారం-6తోనే. నాన్నగారి మరణ ధ్రువపత్రం జతచేసి ఫారం-7 నేను ఇస్తాను. ఆ స్లిప్పును మాత్రం అమ్మ పారేయనివ్వడం లేదు; దేవుడి గూట్లో పెట్టుకుంది.