ఈత కొలను పంపులో గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు: మోటారు మార్చక తప్పదా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మొయినాబాద్ వైపు మేము ఈ మధ్యే కొన్న ఇంట్లో ఈత కొలను ఉంది. కొలను చూసుకోవడం మాకు పూర్తిగా కొత్త. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ పంపు, ఇసుక ఫిల్టరు, దాని మీద నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వు ఉన్నాయి. పంపు కొలను నీటిమట్టం కన్నా కొంచెం ఎత్తులో, ప్రహరీ పక్కన చిన్న గదిలో ఉంది.

ఎండలు ముదిరినప్పటి నుంచి, పంపు వేయగానే లోపల గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వస్తోంది. పంపు పారదర్శకమైన మూతలోంచి చూస్తే చెత్త పట్టే బుట్ట నిండా నీళ్లు ఉండటం లేదు, పైభాగంలో గాలి సుడి తిరుగుతూ కనిపిస్తోంది. శుభ్రపడిన నీరు కొలనులోకి వచ్చే చోట కూడా బుడగలు వస్తున్నాయి. ఇల్లు తీసుకున్నప్పుడు 12 పీఎస్‌ఐ (పీడనపు కొలమానం) దగ్గర నిలబడే ఫిల్టరు గేజు ఇప్పుడు 6 దాటడం లేదు. కొలను శుభ్రం చేయడానికి వచ్చే ఆయన మోటారు అరిగిపోయిందని, మొత్తం మార్చేయాలని చెబుతున్నారు. రాత్రిపూట నడిపితే పక్కింటి పెద్దవాళ్లకు నిద్ర ఉండటం లేదు, అది మాకు చాలా బాధగా ఉంది. మోటారు మార్చే ముందు మేము స్వయంగా చూసుకోదగినవి ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం:

నమస్కారమండీ. దయచేసి ఇప్పుడే మోటారు కొనకండి. మీరు చెప్పిన మూడు గుర్తులూ, అంటే గులకరాళ్ల చప్పుడు, మూత కింద గాలి, తగ్గిన గేజు, ఒకే వైపు చూపిస్తున్నాయి. పంపుకు కావలసినంత నీరు అందడం లేదు. నీరు చాలనప్పుడు ఇంపెల్లరు (పంపులో నీటిని తోసే తిరిగే చక్రం) మధ్యభాగంలో పీడనం బాగా పడిపోయి, అక్కడి నీరు ఆవిరి బుడగలుగా మారుతుంది. అవి పీడనం ఎక్కువగా ఉన్న అంచు వైపు చేరగానే ఒక్కసారిగా నలిగిపోతాయి. మీకు వినిపిస్తున్నది ఆ చప్పుడే, దానికి మీ పంపులో లోపలికి వస్తున్న గాలి కూడా తోడైంది. ఇలాగే చాలాకాలం నడిస్తే ఇంపెల్లరు మీద గుంటలు పడతాయి కనుక, కారణం దొరికే వరకు పంపును ఎక్కువసేపు నడపవద్దు.

గేజు చదవడం మాత్రం తప్పకుండా అలవాటు చేసుకోండి. మామూలు కన్నా 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే ఫిల్టరు నిండిందని, బ్యాక్‌వాష్ చేయాలని, అంటే నీటిని వెనక్కి పంపి ఇసుకను కడగాలని అర్థం. మీకు జరిగినట్టు తగ్గితే, లోపం ఫిల్టరుకు ముందు, పంపులోనో పంపు నీరు లాగే వైపునో ఉందని అర్థం.

ముందు నీటిమట్టం చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నీరు చాలా ఆవిరవుతుంది. మట్టం స్కిమ్మరు (కొలను గోడలో పైనీటిని, తేలే చెత్తను లాగే పెట్టె) నోటికి సగం ఎత్తులో ఉండాలి, అంతకన్నా దిగితే పంపు నీటితో పాటు గాలిని మింగుతుంది. తరువాత స్కిమ్మరు బుట్ట, పంపు బుట్ట ఖాళీ చేయండి. అప్పుడు పంపు మూత కింది ఓ రింగును (గాలి చొరకుండా ఆపే గుండ్రటి రబ్బరు పట్టీ) తీసి, వేలితో చుట్టూ తడిమి చూడండి. ఎక్కడైనా చదునుగా అణిగినా, పగిలినా, దాని గాడిలో ఇసుక రేణువు ఉన్నా అక్కడి నుంచే గాలి వస్తుంది. దానికి సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి, వాసెలిన్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

లాగే వైపు పైపుల లీకు కంటికి కనిపించదు. ఆ వైపు పీడనం బయటి గాలి కన్నా తక్కువ కనుక నీరు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది, చిల్లు పడిన గొట్టంతో కొబ్బరినీళ్లు తాగినట్టు. పంపు నడుస్తుండగా ఒక్కొక్క జాయింటుకు చిక్కటి సబ్బు నురగ పట్టించండి. నురగ లోపలికి పీల్చుకుపోయిన చోటే లీకు ఉంది.

రెండవ సమాధానం:

రాణీగంజ్‌లో మోటారు వైండింగ్ పని చేసేవాడిగా ఒక పరీక్ష చెబుతాను. నడుస్తున్న పంపును ఆపి, అది తిరిగి తిరిగి ఆగే ఆ కొద్ది క్షణాలు చెవి పెట్టి వినండి. కరెంటు తీయగానే చప్పుడు టక్కున ఆగితే అది విద్యుత్తు గుంయ్‌మనడం. తిరుగుతున్నంతసేపూ కీచుమంటూ సన్నగిల్లితే అది బేరింగు. బేరింగు పోయినంత మాత్రాన మోటారు మొత్తం మార్చనక్కరలేదు. చాలా చిన్న మోటార్లలో 6203 సైజు వాడతారు, సైజు బేరింగు మీదే చెక్కి ఉంటుంది. బేరింగు మార్పించేటప్పుడు మెకానికల్ సీలు (ఇరుసు వెంట నీరు మోటారులోకి కారకుండా ఆపేది) కూడా తప్పనిసరిగా మార్పించండి, ఎందుకంటే సీలు నుంచి చెమ్మ చేరడం వల్లనే సాధారణంగా పంపు వైపు బేరింగు తుప్పు పడుతుంది. మన బోరు నీటిలో సున్నం ఎక్కువ, పంపుకూ మోటారుకూ మధ్య తెల్లటి చారలు కనిపిస్తే సీలు కారుతున్నట్టే.

ఇంపెల్లరులో చెత్త ఉందేమో చూడాలంటే ముందు ఎంసీబీ దించేయండి. కెపాసిటరు జోలికి వెళ్లకండి, కరెంటు తీసిన తరువాత కూడా దానిలో చార్జి నిలిచి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ట్యాంకరుతో కొలను నింపించాము. ఓ రింగు ఒక వైపు పూర్తిగా చదునైపోయి ఉంది, కొత్తది వేశాము. బుట్ట తీసి వేలు పెడితే ఇంపెల్లరు నోట్లో వేపాకు ఈనెలు కుచ్చులా చుట్టుకుని ఉన్నాయి, వంచిన తీగతో లాగేశాము. గేజు మళ్లీ 12కు వచ్చింది, గులకరాళ్ల చప్పుడు లేదు, పంపు ఆపేటప్పుడు కీచుమనడమూ లేదు. అయితే గోడ గుండా ఒక సన్నటి రొద మాత్రం పక్కింటికి వినిపిస్తోందట.

మూడవ సమాధానం:

అది అదురు. పంపును సిమెంటు దిమ్మెకు నేరుగా బిగించారా, పైపులు గోడకు తగులుతున్నాయా చూడండి. పంపు కింద మందపాటి రబ్బరు షీటు వేసి, బోల్టులకు కూడా రబ్బరు వాషర్లు పెట్టి, పైపు క్లాంపుల లోపల రబ్బరు పట్టీ చుట్టండి. చప్పుడు ఆపాలని గదిని ఫోముతో మూసేయకండి, ఆ మోటారు గాలితోనే చల్లబడాలి. వీలైతే నడిపే వేళను పగటికి మార్చండి. ఎండలో క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది కనుక, నీరు కదలవలసిన వేళ కూడా పగలే. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్ద పరిమితి 45 డెసిబెళ్లు, పగలైతే 55. టైమరు పెట్టించుకుంటే మరచిపోయే ఇబ్బంది కూడా ఉండదు.