పోషకాహార సదస్సులో అమ్మే కొత్త సరుకును సంప్రదాయ ఆహారం అనవచ్చా?

చర్చ ప్రారంభించినవారు: ఆసుపత్రి డైటీషియన్, హనుమకొండ

గత నెల హైదరాబాదులో జరిగిన ఒక పోషకాహార సదస్సుకు రెండు రోజులు వెళ్లాను. ప్రసంగాల మధ్య విరామాల్లో బయటి స్టాళ్ల దగ్గర తిరిగినప్పుడు, రోజూ ఆహారం గురించే మాట్లాడే నాకు సైతం కొత్తగా తోచిన సరుకు చాలా కనిపించింది. మొలకెత్తించి ఆరబెట్టిన రాగుల పిండి, కొర్రల అటుకులు, సామల రవ్వ, ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు, తాటిబెల్లం, గానుగ నూనెలు ఒక వరుసలో ఉంటే, ఎదుటి వరుసలో చిరుధాన్యాల నూడుల్స్, రాగి బిస్కెట్లు, జొన్న చిప్స్ ఉన్నాయి. రెండు వరుసల్లోనూ ‘సహజం’, ‘సంప్రదాయం’ అన్న మాటలే పెద్ద అక్షరాల్లో రాసి ఉన్నాయి.

ఇంటికి వచ్చాక రాగి బిస్కెట్ల ప్యాకెట్ తిప్పి చదివాను. పదార్థాల పేర్లను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. ఆ వరుసలో మొదటిది మైదా, రెండోది చక్కెర, మూడోది పామాయిల్. రాగిపిండి నాలుగో స్థానంలో, 12 శాతమని చిన్న అక్షరాల్లో ఉంది. ముందువైపు మాత్రం రాగి కంకి, దాని పక్కన రోకలి పట్టుకున్న అవ్వ బొమ్మ!

ప్రకటనల్లో వాడే మాటల గురించి కేంద్ర ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, తరతరాలుగా ఉంటూ పెద్దగా మారకుండా వచ్చిన వంటకాన్ని గానీ తయారీ పద్ధతిని గానీ ‘సంప్రదాయం’ అనాలి. మైదా బిస్కెట్ ఆ కొలతకు ఎలా సరిపోతుంది? ఇటువంటి సరుకుకు పోషకాహార సదస్సులో చోటు ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం, ఎందుకంటే సదస్సు పేరే దానికి ధ్రువపత్రంలా పనిచేస్తుంది. మధుమేహం ఉన్నవారు అదే ప్యాకెట్ తెచ్చి, “మీ డాక్టర్ల సభలోనే అమ్మారు కదమ్మా” అంటే నేను ఏమని బదులు చెప్పాలి?

చిరుధాన్యాల ఉత్పత్తుల తయారీదారు, రంగారెడ్డి జిల్లా

డైటీషియన్ గారికి నమస్కారం. మీరు చెప్పిన సదస్సుకు నేను రాలేదు గానీ, మీ ఎదుటి వరుసలో కూర్చునేవాళ్లలో నేనూ ఒకణ్ని. మాది నూడుల్స్ తయారీ. కొర్రపిండిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి ముద్ద సాగదు, తీసిన పోగు తెగిపోతుంది, నీళ్లలో వేస్తే గంజిలా కరుగుతుంది. అందుకే గోధుమపిండి కలపవలసి వస్తోంది. ఇది మోసం కాదు, పిండి స్వభావం.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు అందరూ సంతోషించారు. ఆ ఏడాది ఉత్సాహంతో పండించిన కొర్రలను తరువాత కొనేదెవరు? సంగటి ముద్దను చూసి మొహం తిప్పుకునే పిల్లవాడు నూడుల్స్ అయితే కంచం ఖాళీ చేస్తాడు. అలా అలవాటు పడినవాడు పెద్దయ్యాక కొర్రన్నం తింటాడేమో ఎవరికి తెలుసు? మావంటి చిన్నవాళ్లను బయటికి పంపితే ఆ స్టాళ్లు ఖాళీగా ఉండవు. ఎక్కువ అద్దె ఇచ్చుకోగల పెద్ద కంపెనీలు వచ్చి కూర్చుంటాయి.

రైతు కుటుంబీకుడు, జహీరాబాద్

‘కొత్త సరుకు’ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. మా ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు సంక్రాంతి రోజుల్లో పాత పంటల జాతర మొదలుపెట్టి, విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. ఆ బండ్ల మీద ఉన్నప్పుడు ఎవరికీ పట్టని కొర్రలు, సామలు, తైదలు (మీరనే రాగులు) ప్యాకెట్‌లోకి ఎక్కగానే నగరంవాళ్లకు కొత్త ఆవిష్కరణలు అవుతాయి.

ఇక ఆ బొమ్మలోని రోకలి అవ్వ సంగతి. మా నాయనమ్మ కొర్రన్నం మానేసింది రుచి నచ్చక కాదు. కొర్ర, సామ, అరిక, ఊద గింజలకు గట్టి పైపొట్టు ఉంటుంది; రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచితే తప్ప అవి తినడానికి పనికిరావు. తైదలకు, జొన్నలకు, సజ్జలకు ఆ బాధ లేదు. మా ఇంట్లో రొట్టె, అంబలి ఇప్పటికీ మిగిలి, కొర్రన్నం మాత్రం పోవడానికి కారణం అదే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, పొద్దంతా పొలంలో వంగి పనిచేసిన ఆడమనిషి రాత్రికి రోకలి ఎందుకు పట్టుకుంటుంది? సంప్రదాయమని మురిసిపోయేవారు ఆ చేతుల నొప్పిని కూడా లెక్కలో వేసుకోవాలి. సదస్సులో చోటు ఎవరికివ్వాలన్నది మీరు తేల్చుకోండి. పొట్టు తీసే చిన్న మర ఊళ్లో పెట్టిస్తే మా ఇళ్లలో కొర్రన్నం మళ్లీ ఉడుకుతుంది.

పోషకాహార పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

ముగ్గురూ ‘సంప్రదాయం’ అన్న మాటకు ఉండవలసినదానికంటే ఎక్కువ విలువ ఇస్తున్నారని నాకు అనిపిస్తోంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికల ప్రకారం, 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. అయితే అవే పట్టికల్లో మాంసకృత్తులు రాగుల్లో సుమారు 7.2 గ్రాములు, బియ్యంలో 7.9 గ్రాములు. రాగుల్లో మాంసకృత్తులు దండిగా ఉంటాయని బ్యానర్లు కట్టేవారు ఈ మాంసకృత్తుల అంకెలు చదివినట్టు లేదు.

డైటీషియన్ గారు చూసిన బిస్కెట్ల లెక్క వేద్దాం. 12 శాతం రాగిపిండి అంటే 100 గ్రాముల బిస్కెట్లలో రాగుల వల్ల వచ్చే కాల్షియం 44 మిల్లీగ్రాములు. అరకప్పు పాలలో అంతకంటే ఎక్కువే ఉంటుంది, పైగా మైదా, పామాయిల్ ఉండవు.

మొలకెత్తించిన రాగిపిండి విషయం వేరు. గింజ మొలకెత్తేటప్పుడు అందులో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది, అందువల్ల జావ చిక్కబడకుండానే ఎక్కువ పిండి కలపవచ్చు. నాలుగు చెంచాలతోనే కడుపు నిండే పసిపిల్లకు ఆ నాలుగు చెంచాల్లోనే ఎక్కువ శక్తి అందుతుంది. ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు కూడా మొలకలో కొంత తగ్గుతాయి. రాగులను నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసిరిన పాతకాలపు ఇల్లాలికి ఎంజైము పేరు తెలియకపోయినా పని తెలుసు. నిలబెట్టుకోదగినది ఏదైనా ఉంటే ఈ పనే.

కానీ స్టాళ్ల మొదటి వరుసను కూడా నేను వదలను. తాటిబెల్లమైనా, చెరకు బెల్లమైనా ప్రధానంగా చక్కెరే. మధుమేహం ఉన్నవారు తినవచ్చని స్టాల్ దగ్గర చెబితే అది కూడా అబద్ధమే. ఆవకాయ ఎంత సంప్రదాయమో అంత ఉప్పన. ఇక తెల్లగా మెరిసే కొర్రలంటే పాలిష్ పట్టినవి, తవుడుతోపాటు పీచు కూడా పోయినవి. అలాగని తవుడు ఉంచితే అందులోని నూనె కమురు కొడుతుంది. సజ్జపిండి కొద్ది రోజులకే చేదెక్కడం ఇళ్లలో అందరూ ఎరిగినదే. నెలల తరబడి నిలవ ఉండాలి, పాలిష్ మాత్రం పట్టకూడదు అని కోరితే తయారీదారు గారు మాత్రం ఏం చేయగలరు?

ఉద్యోగిని, ఇద్దరు పిల్లల తల్లి, విజయవాడ

రాగులు మొలకెత్తించడానికి మూడు రోజులు పడుతుంది. ఉదయం ఏడున్నరకు బడి బస్సు వస్తుంది. ప్యాకెట్ కొనడం తప్పు కాదని ముందు ఒప్పుకోండి, ఏ ప్యాకెట్ కొనాలో తరువాత చెప్పండి.

డైటీషియన్, హనుమకొండ

విజయవాడ సోదరి మాట న్యాయమైనది. మొలకెత్తించిన పిండి కూడా ప్యాకెట్‌లోనే వస్తుంది, అది నేనే నా రోగులకు చెబుతున్నాను. బెల్లం విషయంలోనూ విద్యార్థిని గారి దిద్దుబాటును అంగీకరిస్తున్నాను. మొదటి వరుసను నేను కళ్లు మూసుకుని మెచ్చుకున్నాను.

అందువల్ల నా ప్రతిపాదన మార్చుకుంటున్నాను. ఎవరినీ బయటికి పంపవద్దు, కానీ ‘సంప్రదాయం’ అన్న మాటను అక్కడ ఎవరికీ వాడనివ్వవద్దు. దాని బదులు, పేరులో ఏ ధాన్యం ఉందో అది ఎంత శాతం ఉందో పేరు పక్కనే, పేరంత అక్షరాల్లో రాయాలని స్టాల్ ఇచ్చేముందే షరతు పెట్టవచ్చు. బొమ్మలోనో పేరులోనో చూపించిన పదార్థపు శాతాన్ని చెప్పాలన్న నిబంధన ఇప్పటికే ఉంది, అది ప్యాకెట్ వెనక దాక్కుంటోంది, అంతే. తయారీదారు గారూ, మీ నూడుల్స్‌లో కొర్రలు ఎంత?

తయారీదారు, రంగారెడ్డి జిల్లా

నూటికి 40 వంతులు. మిగిలినది గోధుమపిండి, ఉప్పు. ముందువైపు ముద్రించడానికి నాకు అభ్యంతరం లేదు, కొత్త కవర్ల అచ్చు వచ్చే నెలే వేయించాలి. కానీ నేను 40 అని రాసుకుని కూర్చుంటే, పక్క స్టాల్‌లో 12 శాతం సరుకు మీద అవ్వ బొమ్మ అలాగే ఉంటే, జనం ఎటు వెళతారో మీకు తెలుసు. షరతు పెట్టేటట్టయితే అందరికీ ఒకే రోజు పెట్టమని నిర్వాహకులకు మీరే రాయండి, సంతకం నేనూ చేస్తాను.