ఇనుమారా, ఇరుమారా? (వేమన కమ్మరీడు, లైగేజ్)

టీచరమ్మ: రేపు ఇంటర్ పిల్లలకి డీఎన్ఏ రిపేరు పాఠం. తెగిన పోగును కలిపే లైగేజ్ అనే ఎంజైమ్ దగ్గర వేమన పద్యం చెబుదామని. "ఇనుము విరిగెనేని ఇరుమారు ముమ్మారు, కాచి యతుకనేర్చు కమ్మరీడు". మా తాతగారు మాత్రం "ఇరుమారు" అనేవారు కాదు, ఆ మాటలో ఒక అక్షరం తేడా ఉండేది.

మాస్టారు: ఇనుమారు అమ్మా. ఇనుమడిలో ఉన్న "ఇను". ఇనుము వెనకే ఇనుమారు వస్తేనే చెవిలో సమ్మెట మోగుతుంది.

ఆటవెలది: రెండూ అచ్చులో ఉన్నాయి మాస్టారూ. ఏది పెట్టినా నాలుగో గణం సలమే (రెండు లఘువులు, గురువు, లఘువు), యతి ఇ-ఇ. ఛందస్సు తేల్చదు. అసలు పేచీ అన్వయంలో ఉంది. రెండు మూడుసార్లు విరగడమా, కాచడమా?

కొలిమి: కాచడమే. మా తాత రెండు కొసలూ తెల్లగా కాగేదాకా ఉంచి, ఇసుక చల్లి, ఒకదానిమీద ఒకటి పెట్టి కొట్టేవాడు. ఒక్క కాపుతో అతుకు పడేది కాదు, మళ్లీ కొలిమిలో పెట్టేవాడు. కమ్మరం చూసినవాడే "కాచి" అని రాస్తాడు.

టీచరమ్మ: లైగేజ్ కూడా అంతే! ముందు ఏటీపీ (కణంలో శక్తినిచ్చే అణువు) నుంచి ఏఎంపీ అనే ముక్కను తనలోని అమైనో ఆమ్లం లైసిన్‌కి తగిలించుకుంటుంది. దాన్ని తెగినచోట ఫాస్ఫేటుకి అందిస్తుంది. అప్పుడే అవతలి కొస వచ్చి కలుస్తుంది, ఏఎంపీ ఊడిపోతుంది. మూడు అడుగులు, ముమ్మారు. మన కణాల్లోని లైగేజ్-1 అయితే పోగు చుట్టూ ఉంగరంలా పట్టుకుని మరీ చేస్తుంది.

మాస్టారు: నేను విరగడానికే ఓటేస్తాను. ఒక్కో కణంలో డీఎన్ఏ రోజుకు వేలసార్లు దెబ్బతింటుందటగా. ఎన్నిసార్లు విరిగినా అతుకుతాడు అన్నదే కమ్మరి గొప్ప.

ఆటవెలది: "అతుకు" నాకు నచ్చడం లేదు. అతుకంటే కనిపించాలి. లైగేజ్ వేసేది పోగంతటా ఉండే మామూలు ఫాస్ఫోడైఎస్టర్ బంధమే, పక్కవాటికీ దానికీ తేడా ఉండదు.

టీచరమ్మ: అతుకు కంటే ముందు కోత ఉంది సార్. డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ చెడి, అక్కడ ఉండకూడని యురాసిల్ అయితే గ్లైకోసిలేజ్ అనే ఎంజైమ్ దాన్ని మెలికలోంచి బయటికి తిప్పి తెంపేస్తుంది. శాస్త్రవేత్త టోమాస్ లిండాల్‌కి 2015లో నోబెల్ తెచ్చిన దారి అదే. ఖాళీని పాలిమరేజ్ అనే మరో ఎంజైమ్ పూరించాకే లైగేజ్ వంతు.

మాస్టారు: ఏరివేత! ఈ కోతకి మంచి మాట దొరికింది. అది సరే, మూడో పాదం మీ తాతగారు "మరి యంటనేర్చునా" అనేవారా, "మరి చేర్చరాదయా" అనేవారా?